మటన్ కర్రీకి మూడు లెక్కలు: అసలీ వైట్ స్పేస్ గొడవేంటి?

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీకి రెండు వీధుల అవతల ఒక ఆంధ్రా మెస్ ఉంది. నడిపేది ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒకాయన, మా అందరికీ బాబాయ్. పక్క రూమ్ తమ్ముడు ఖాళీ టైంలో ఆయనకి చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాడు, ఐటమ్ పేర్లన్నీ తెలుగులోనే. మొన్న నెలాఖరున రిపోర్ట్ తీస్తే మటన్ కర్రీ మూడు చోట్ల వచ్చింది, మూడు వేరే ఐటమ్‌లుగా, దేని లెక్క దానిదే. బాబాయ్ కళ్ళజోడు పైకెత్తి ఓసారి, దించి ఓసారి స్క్రీన్ చూసి, "ఏంట్రా, మన మటన్ కర్రీ మూడు కాపురాలు పెట్టిందా?" అన్నారు.

తమ్ముడు లాప్‌టాప్ పట్టుకుని నా రూమ్‌కొచ్చాడు. "అన్నా, మూడూ ఒకటేగా? మరి ప్రోగ్రామ్ కాదంటుందేంటి?"

నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అదే వారం ఆఫీసులో నేను చేసిన పేజీ చూసి మేనేజర్ "వైట్ స్పేస్ ఎక్కువైంది" అన్నాడు, ఆ మర్నాడే డెవలపర్ నా ఫైల్ చూసి "ఇందులో వైట్ స్పేస్ ఎర్రర్ ఉంది" అన్నాడు, ఇద్దరూ ఒకే మాట వాడారు కానీ ఒకరు చెప్పిందానికీ ఇంకొకరు చెప్పిందానికీ పొంతన లేదు. కొత్తగా ఈ ఫీల్డ్‌లోకి వచ్చినవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. అందుకని మొదట్నుంచీ చూద్దాం.

ఒకరు కొలిచేది, ఇంకొకరు లెక్కపెట్టేది

డిజైన్‌లో వైట్ స్పేస్ అంటే దూరం. పేజీ మీద అక్షరాలూ బొమ్మలూ బటన్లూ లేని చోటంతా అదే: అంచుల్లో వదిలిన మార్జిన్, పేరాకీ పేరాకీ మధ్య ఎడం, వరసల మధ్య సందు, బటన్ లోపల మాట చుట్టూ ఉన్న జాగా. అది తెల్లగానే ఉండాలని లేదు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంటే నల్ల ఖాళీ కూడా వైట్ స్పేసే, పేరు కాగితం రోజుల నుంచి వచ్చింది కాబట్టి అలా నిలిచిపోయింది. నెగటివ్ స్పేస్ అని కూడా అంటారు.

కంప్యూటర్‌లో వైట్ స్పేస్ అంటే అక్షరం. కనపడదు గానీ "క" ఎలా ఒక అక్షరమో స్పేస్ కూడా అలాగే ఒక అక్షరం, దానికో నంబరు ఉంటుంది, మెమరీలో చోటు పడుతుంది. స్పేస్ బార్ నొక్కితే వచ్చేది 32, ట్యాబ్ 9, ఎంటర్ కొడితే వచ్చే కొత్త లైను 10.

అంటే డిజైనర్ ఖాళీని స్కేలు పెట్టి కొలుస్తాడు, ప్రోగ్రామర్ వేళ్ళ మీద లెక్కపెడతాడు. సగం గొడవలు ఈ తేడా తెలియకే.

మూడో అర్థం ఒకటుంది, అది వేరే ఊరి సంగతి. టీవీ ప్రసారాలకి కేటాయించి ఎవరూ వాడకుండా మిగిలిపోయిన ఫ్రీక్వెన్సీలని టీవీ వైట్ స్పేస్ అంటారు. వాటి మీద పల్లెలకి ఇంటర్నెట్ ఇవ్వొచ్చా అని ఐఐటీ బాంబే వాళ్ళు మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రయోగాలు చేశారు. మన బెంగళూరు వైట్‌ఫీల్డ్‌కైతే వీటిలో దేనితోనూ సంబంధం లేదు, ఆ వైట్ ఒక మనిషి ఇంటిపేరు, సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డెక్కితే ఖాళీ అనే మాటకి అక్కడ చోటే లేదని తెలుస్తుంది.

అసలు ఒకప్పుడు ఖాళీలే లేవు

మాటకీ మాటకీ మధ్య ఎడం వదలాలి అనేది మనకి పుట్టుకతో వచ్చినట్టుంటుంది గానీ అది కొత్త అలవాటే. మన పాత శాసనాల్లో, తాటాకు ప్రతుల్లో మామూలుగా అక్షరాలు గొలుసులా సాగిపోతాయి. తాటాకు మీద కావాలని ఖాళీ వదిలేది ఒక్క దారం గుచ్చే రంధ్రం చుట్టూనే, లేకపోతే దారం రాసుకుని అక్షరాలు చెరిగిపోతాయి. గ్రీకు, లాటిన్ రాతలూ చాలాకాలం అంతే. 7వ శతాబ్దం ప్రాంతంలో ఐర్లండ్ సన్యాసులు లాటిన్ ప్రతులు రాస్తూ మాటలు విడదీయడం మొదలుపెట్టాక మెల్లగా యూరప్ అంతా పాకింది. థాయ్ భాషలో ఇప్పటికీ మాటల మధ్య స్పేస్ పెట్టరు.

ఎడం లేకపోతే ఏమవుతుందో మన భాషలోనే చూడొచ్చు. "ఆపనివాడుచేశాడు" అని ఒక తాటాకు మీద ఉందనుకోండి.

ఆ పని వాడు చేశాడు: ఫలానా పని అతనే చేశాడు.
ఆ పనివాడు చేశాడు: ఫలానా కూలీ చేశాడు.
ఆపనివాడు చేశాడు: ఎంత చెప్పినా ఆపనివాడెవడో చేశాడు.

అక్షరం మారలేదు. ఖాళీ ఒక్క అంగుళం అటూ ఇటూ జరిగింది, ముద్దాయి మారిపోయాడు. గుమ్మానికి కట్టే మావిడాకుల్ని మధ్యలో విడగొడితే "మా విడాకులు" అయిపోయే జోకు అందరికీ తెలిసిందే.

అచ్చు వచ్చాక ఖాళీ ఒక వస్తువైంది, నిజంగా చేత్తో పట్టుకునే వస్తువు. సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో మాటల మధ్య ఎడం కావాలంటే ఎత్తు తక్కువగా ఉండే ఒక లోహపు ముక్క పెట్టేవాళ్ళు. ఎత్తు తక్కువ కాబట్టి దానికి సిరా అంటదు, కాగితం మీద ఖాళీ పడుతుంది. వరసల మధ్య సన్నటి సీసపు పట్టీలు దూర్చేవాళ్ళు. ఇప్పటికీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరసల ఎడాన్ని "లెడింగ్" అనడం ఆ లెడ్ నుంచి, అంటే సీసం నుంచి వచ్చిందే. కంపోజింగ్ చేసేవాడి ట్రేలో "క"కి ఒక గడి ఉన్నట్టే ఖాళీకీ ఒక గడి ఉండేది, అంటే అప్పట్లో ఆ ఖాళీని కొలవాల్సిందే, లెక్కా పెట్టాల్సిందే, రెండూ ఒక మనిషే చేసేవాడు. టైప్‌రైటర్, టెలిప్రింటర్ మీదుగా వచ్చి 1963లో ఆస్కీ అనే పట్టికలో స్పేస్‌కి 32 అనే నంబరు పడేసరికి లెక్కపెట్టే ఖాళీ కంప్యూటర్ వైపు వెళ్ళిపోయింది, కొలిచే ఖాళీ డిజైనర్ దగ్గర ఉండిపోయింది.

అరిటాకూ మెనూ కార్డూ

డిజైన్ వైట్ స్పేస్ అర్థం కావాలంటే పుస్తకం అక్కర్లేదు, అరిటాకు ముందు కూర్చుంటే చాలు. పై సగంలో పప్పు, వేపుడు, పచ్చడి, పొడి ఒక వరసలో పడతాయి, కింది సగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చూసి "ఇక్కడేదో మర్చిపోయారు" అని ఎవరూ అనుకోరు, అన్నం అక్కడ పడుతుందని చూడగానే తెలుస్తుంది. పచ్చడి పప్పుకి తగలకుండా మధ్యలో వేలెడు జాగా ఉంటుంది. ఏది దేనితో కలపాలో ఏది విడిగా నంజుకోవాలో ఆకే చెబుతుంది.

దీని వెనకున్న సూత్రాన్ని మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో వివరంగా రాశాడు: దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుంది. గీతలు గీయక్కర్లేదు, డబ్బాలు కట్టక్కర్లేదు.

బాబాయ్ మెస్ మెనూ కార్డ్ ఈ సూత్రానికి పూర్తిగా వ్యతిరేకం. 64 ఐటమ్‌లు, అన్నిటి మధ్యా సమానమైన సందు, ధరలన్నీ కుడి అంచున దూరంగా. పేరు దగ్గర బయల్దేరిన కన్ను అవతల ధర దగ్గరికి వెళ్ళేలోపు ఒక వరస కిందికి జారిపోతుంది, చేపల పులుసు అడిగి పక్క వరసలో ఉన్న కోడిగుడ్డు పులుసు ధర చూసుకుని, తీరా బిల్లొచ్చాక కౌంటర్ దగ్గర పేచీ పెట్టినవాళ్ళని నేనే ఇద్దర్ని చూశాను. ఒక ఆదివారం కూర్చుని దాన్ని మార్చాను. అక్షరం సైజు మార్చలేదు, రంగు మార్చలేదు, ఒక్క ఐటమ్ తీయలేదు. రెండే పనులు. ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య 6 పాయింట్లు (పాయింట్ అంటే అచ్చులో వాడే చిన్న కొలత), పులుసుల గుంపుకీ వేపుళ్ళ గుంపుకీ మధ్య 18 పాయింట్లు. ధరని పేరు పక్కకి జరిపాను. అంతే, కార్డ్ చూస్తే ఏడు గుంపులు కనిపించడం మొదలైంది.

ఇక్కడ ముఖ్యమైంది 18 అనే అంకె కాదు, 6కీ 18కీ ఉన్న నిష్పత్తి. అన్నిటినీ 18 చేసుంటే కార్డ్ రెండు పేజీలయ్యేది, గుంపులు మాత్రం కనిపించేవి కావు. వైట్ స్పేస్ పెంచండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువగా ఈ ముక్క వదిలేస్తారు.

ఖాళీయే బొమ్మ అయిపోవడం కూడా ఉంది. ఫెడెక్స్ లోగోలో ఇ, ఎక్స్ అక్షరాల మధ్య మిగిలిన జాగా కుడివైపు చూసే బాణంలా ఉంటుంది, 1994లో లిండన్ లీడర్ గీసిన లోగో అది. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేం.

"జాగాకి డబ్బులిచ్చాం కదా" వాదన

కార్డ్ చూసి బాబాయ్ మొదట అన్న మాట: "కాగితం మొత్తానికి డబ్బులిచ్చాం కదా, ఇంత జాగా ఊరికే వదిలేశావేంటి? అక్కడ బిరియాని ఆఫర్ పెట్టొచ్చుగా." డిజైనర్లు దీన్ని వెటకారంగా చెప్పుకుంటారు, నాకైతే అందులో న్యాయం ఉందనిపిస్తుంది.

ఖాళీకి ఓటేసేవాళ్ళు చూపించే పాత ఉదాహరణ 1959 నాటి వోక్స్‌వ్యాగన్ ప్రకటన. అమెరికాలో పెద్ద కార్ల మోజు ఉన్న రోజుల్లో పేజీ దాదాపు అంతా ఖాళీగా వదిలేసి ఒక మూల బీటిల్ కారుని బుల్లిగా పెట్టారు. కారు చిన్నది అనే మాటని ఆ ఖాళీయే చెప్పింది. బెంగళూరులో కావాలంటే యూబీ సిటీ అనే ఖరీదైన మాల్‌కి వెళ్ళి చూడండి, అద్దాల వెనక ఒకే ఒక్క హ్యాండ్‌బ్యాగ్ ఉంటుంది, చుట్టూ ఆరడుగుల ఖాళీ. ఆ ఖాళీ రేటు కూడా బ్యాగ్ మీద పడిందని చూడగానే తెలుస్తుంది.

అక్కణ్ణించి చిక్‌పేట వెళ్ళండి. చీరల కొట్టు గుమ్మం దగ్గర్నుంచి పైకప్పు దాకా చీరలే. అక్కడ ఒక గోడ ఖాళీగా ఉంచితే కొనేవాళ్ళకి వచ్చే మొదటి అనుమానం సరుకు లేదని, రెండోది ధర ఎక్కువని. మెస్ బోర్డ్ కూడా రోడ్డు అవతల నుంచి చూసి "గోంగూర మటన్ ఉంది" అని లోపలికొచ్చేవాళ్ళ కోసం. నిండుగా ఉండటం అక్కడ ఒక సమాచారం. స్టాక్ మార్కెట్ ట్రేడింగ్ చేసేవాళ్ళ స్క్రీన్ చూడండి, ఊపిరాడనంత అంకెలుంటాయి. వాళ్ళకి అలాగే కావాలి, ఎందుకంటే రోజంతా అదే చూస్తారు, ఏది ఎక్కడుందో చేతికి తెలుసు, స్క్రోల్ చేసే అర నిమిషం వాళ్ళకి డబ్బు. అదే స్క్రీన్‌ని "నీట్‌గా" విశాలంగా మార్చితే ఒక్కసారి కనిపించాల్సింది మూడుసార్లు జరిపితే గానీ కనిపించదు. కొత్తవాళ్ళకి ఖాళీ సాయం చేస్తుంది, చెయ్యి తిరిగినవాళ్ళకి కొన్నిసార్లు అడ్డొస్తుంది. రెండూ నిజమే.

వాదనకి తావులేని చోటు మాత్రం ఒకటుంది, తెలుగు వరసల మధ్య ఎడం. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ఏమవుతుందో దగ్గరగా చూడండి: పై వరసలో "రాష్ట్రం" ఉంది, ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. సరిగ్గా దాని కింది వరసలో "నీళ్ళు" ఉంది, న మీద గుడి దీర్ఘం. ఎడం తక్కువైతే పై వరస ఒత్తు వెళ్ళి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. ఇంగ్లీషుకి తోకా కొమ్మూ తక్కువ కాబట్టి ఇరుకుగా ఉన్నా నడుస్తుంది, మనకి నడవదు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాల్లో, చదివేవాళ్ళు వరసల ఎడాన్ని అక్షరం సైజుకి 1.5 రెట్లు చేసుకున్నా పేజీలో ఏదీ చెడిపోకూడదని ఉంది. చూపు తక్కువున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం అది, తెలుగుకి మాత్రం మామూలు చూపున్నవాళ్ళకీ దాదాపు అంత కావాలి.

మిషన్ ఖాళీని ఎలా చదువుతుంది

కంప్యూటర్‌కి ఖాళీ విషయంలో ఒకే పద్ధతి లేదు. వెబ్ పేజీ రాసే హెచ్‌టీఎంఎల్‌లో మీరు పది స్పేస్‌లు కొట్టినా బ్రౌజర్ మామూలుగా ఒక్కటే చూపిస్తుంది. అందుకే కొత్తగా వెబ్ నేర్చుకునేవాళ్ళు స్పేస్ బార్ మీద పడి కొట్టి ఎడం రావట్లేదని తల పట్టుకుంటారు: వాళ్ళకి కావాల్సింది కొలిచే ఖాళీ, ఇస్తున్నది లెక్కపెట్టే ఖాళీ. పెళ్ళి పత్రిక టైప్ చేస్తూ అడ్రస్‌ని స్పేస్‌లతో మధ్యకి నెట్టి, ఫాంట్ మార్చగానే అంతా చెదిరిపోయిందని ఏడ్చేవాళ్ళదీ అదే కథ.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సంగతి వేరు. అక్కడ వరస మొదట్లో వదిలే ఖాళీకి అర్థం ఉంది. తమ్ముడి బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని తెలుగులో చెప్పుకుంటే:

బిల్లు 500 దాటితే:
    50 తగ్గించు
    స్వీటు ఉచితం
డబ్బు తీసుకో

లోపలికి జరిగిన రెండు వరసలూ 500 దాటినవాళ్ళకే. ఇప్పుడు మూడో వరస ముందున్న నాలుగు స్పేస్‌లు తీసేయండి.

బిల్లు 500 దాటితే:
    50 తగ్గించు
స్వీటు ఉచితం
డబ్బు తీసుకో

ఒక్క టీ తాగినవాడికీ స్వీటే. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది, బాబాయ్ మునిగిపోతారు. ఇది చూసి "కనపడని దానికి ఇంత పవరా" అని పైథాన్‌ని తిట్టేవాళ్ళున్నారు, కాపీ పేస్ట్‌లో ఖాళీలు చెదిరితే అర్థమే చెదురుతుందనే వాళ్ళ కంప్లైంట్ నిజమే.

కానీ అవతలి పక్షం కూడా వినండి. సీ లాంటి భాషల్లో గుంపు కట్టేది బ్రాకెట్లు, ఖాళీ మనుషుల సౌకర్యం కోసమే, మిషన్ దాన్ని పట్టించుకోదు. అంటే ఖాళీ అబద్ధం చెప్పొచ్చు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో, మ్యాక్‌లలో బయటపడ్డ పెద్ద సెక్యూరిటీ లోపం సరిగ్గా ఇదే. సురక్షిత కనెక్షన్‌ని పరీక్షించే కోడ్‌లో "తప్పుంటే ఫెయిల్ దగ్గరికి వెళ్ళు" అనే చోట ఆ "వెళ్ళు" వరస పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకేలా లోపలికి జరిగి ఉన్నాయి, కాబట్టి చదివేవాళ్ళ కంటికి రెండూ షరతు లోపలే ఉన్నట్టు కనిపిస్తాయి. బ్రాకెట్లు లేవు కాబట్టి కంప్యూటర్ మాత్రం మొదటిదాన్నే షరతు కింద లెక్కేసింది, రెండోది తప్పున్నా లేకపోయినా ప్రతిసారీ నడిచి ఆ తర్వాత చెయ్యాల్సిన పరీక్షని దాటేసింది. అదే పైథాన్ పద్ధతిలో అయితే రెండో వరస షరతు లోపలే ఉండేది, ఏ ప్రమాదమూ ఉండేది కాదు. కన్ను చూసే ఖాళీ, మిషన్ చూసే ఖాళీ ఒకటే కావాలి అనేదే పైథాన్ వాళ్ళ వాదన.

ఇక ట్యాబా, స్పేసా అనే యుద్ధం. ట్యాబ్ వాడితే దాని వెడల్పు ఎవరికి కావాల్సినంత వాళ్ళు పెట్టుకోవచ్చు, చూపు సమస్యలున్నవాళ్ళకి ఇది నిజంగా పనికొస్తుంది. స్పేస్‌లు వాడితే ఎవరి స్క్రీన్ మీదైనా ఒకేలా కనిపిస్తుంది. పైథాన్ స్టైల్ గైడ్ నాలుగు స్పేస్‌లు అంటుంది, లినక్స్ కెర్నల్ వాళ్ళు ఎనిమిది వెడల్పున్న ట్యాబ్ అంటారు, గో భాష ఫార్మాటర్ ట్యాబే పెట్టేస్తుంది. 2017లో ప్రోగ్రామర్ల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో చేసిన సర్వేలో స్పేస్‌లు వాడేవాళ్ళకి జీతాలు ఎక్కువని తేలింది, ఆ మర్నాడు స్పేస్ బార్ మీద పడ్డవాళ్ళకి హైక్ వచ్చిన దాఖలా మాత్రం నాకు కనపడలేదు.

ప్రోగ్రామ్‌లని కట్టే మేక్ అనే పాత టూల్‌లో అయితే చెయ్యాల్సిన పని చెప్పే ప్రతి వరసా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లు పెడితే ఒప్పుకోదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కి ఇది ఇబ్బందే అని త్వరలోనే తెలిసింది, కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. అప్పటి డజను మంది మొహమాటానికి ఇప్పటికీ ప్రపంచమంతా ట్యాబ్ కొడుతోంది.

వెడల్పు కూడా లేని అక్షరం, అది లేకపోతే తెలుగు చెడిపోతుంది

స్పేస్, ట్యాబ్, కొత్త లైను, ఇంతేనా అంటే కాదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్, అందులో వైట్ స్పేస్ అని ముద్ర వేసినవి 25 ఉన్నాయి. వాటిలో ఎక్కువ తలనొప్పి నాన్ బ్రేకింగ్ స్పేస్, నంబరు 160. చూడ్డానికి మామూలు స్పేస్‌లాగే ఉంటుంది, పని మాత్రం తన రెండువైపులా ఉన్నవాటిని ఒకే వరసలో పట్టి ఉంచడం. "రూ. 500"లో "రూ." ఒక వరస చివర, "500" తర్వాతి వరస మొదట్లో పడకుండా ఆపుతుంది. మంచిదే. కానీ వెబ్ పేజీ నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో వేస్తే ఇది కూడా వచ్చేస్తుంది, ఖాళీలు కత్తిరించే ట్రిమ్ ఫంక్షన్ 32ని తీస్తుంది, 160ని ముట్టుకోదు.

అసలు కథ 8204ది. దీని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, కనపడదు, పైగా యూనికోడ్ లెక్కలో ఇది వైట్ స్పేసే కాదు. మరి ఇక్కడెందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాసంలోనే మీరు దీన్ని ఇప్పటికి ఎన్నోసార్లు దాటి వచ్చారు. "సాఫ్ట్‌వేర్" అని చూశారు కదా. ట్ తర్వాత వే వస్తే తెలుగు నియమం ప్రకారం వ ఒత్తుగా మారి ముందున్న అక్షరాల కిందికి పోవాలి, అప్పుడది "సాఫ్ట్వేర్" అవుతుంది. మధ్యలో 8204 కూర్చుని "మీరిద్దరూ కలవొద్దు" అంటుంది, పొల్లు పొల్లుగానే నిలబడుతుంది. ఇంగ్లీషువాడికి జీవితంలో దీనితో పనిపడదు. మనకి "వాట్సాప్‌లో", "హైదరాబాద్‌లో", "ఫేస్‌బుక్‌లో" అని ఏ మాట రాయాలన్నా కావాలి.

ఇది వాడాలా వద్దా అన్నదాంట్లో మనలో మనకే ఏకాభిప్రాయం లేదు. కొందరు "ఫేస్ బుక్" అని మామూలు స్పేస్ పెట్టేస్తారు, వెతకడం తేలిక, ఏ కీబోర్డ్‌తోనైనా వస్తుంది, కాకపోతే ఒక మాట రెండు మాటలై వరస చివర విరిగిపోతుంది. కొందరు "ఫేస్బుక్" అని ఒత్తు ఇచ్చేస్తారు, అది తెలుగు రాత పద్ధతికి దగ్గర, "బస్సు" "లడ్డూ"లకి అలవాటుపడ్డ కళ్ళకి ఇది కూడా అలవాటవుతుందని వాళ్ళ మాట. తెలుగు వికీపీడియాలో 8204 పెట్టిన రూపం విరివిగా కనిపిస్తుంది. నేను దాన్నే వాడతాను, అయితే ఒక నష్టం ఒప్పుకోవాలి: వెతికే పెట్టె తెలివైనది కాకపోతే, దానితో రాసిన మాట అది లేకుండా వెతికితే దొరకదు.

2018 ఫిబ్రవరిలో "తెలుగు అక్షరం ఐఫోన్‌ని పడగొట్టింది" అని వార్తలొచ్చాయి గుర్తుందా? జ్ఞా అక్షరం మెసేజ్‌లో వస్తే ఆప్ మూతపడిపోయేది. చాలామంది జ్ఞానం అనే మాటే డేంజర్ అనుకున్నారు. నిజానికి చిక్కు మామూలు జ్ఞాలో కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ 8204, దాని తర్వాత దీర్ఘం, ఇలా అసహజమైన చోట ఆ కనపడని అక్షరం పడ్డప్పుడు దాన్ని ఎలా గీయాలో తెలియక సిస్టమ్ కూలిపోయింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. పాపం చేసింది కనపడనిది, పేరు పోయింది తెలుగుకి.

2025లో ఇంకో గొడవ. చాట్‌జీపీటీ కొత్త మోడళ్ళు రాసిన టెక్స్ట్‌లో 8239 అనే సన్నటి నాన్ బ్రేకింగ్ స్పేస్‌లు కనిపించాయి, ఇవి ఏఐ రాతని పట్టుకోవడానికి పెట్టిన రహస్య గుర్తులని ప్రచారం జరిగింది. గుర్తు కాదు, ట్రైనింగ్‌లో అంటుకున్న అలవాటు అని కంపెనీ చెప్పినట్టు వార్తలొచ్చాయి. కనపడని అక్షరాలతో టెక్స్ట్‌లో గుర్తులు దాచడం సాంకేతికంగా సాధ్యమే, ఎవరు లీక్ చేశారో పట్టుకోవడానికి ఆ పద్ధతి వాడతారు కూడా. కానీ 8239 అచ్చురంగంలో సక్రమంగా వాడే అక్షరం, ఫ్రెంచ్‌లో కొన్ని విరామ చిహ్నాల ముందు పెడతారు, పైగా ఫైండ్ రీప్లేస్ ఒక్కసారి కొడితే పోతుంది. కాబట్టి అది కనపడితే ఏఐ రాసిందని, కనపడకపోతే మనిషి రాశాడని తేల్చలేం.

మళ్ళీ మటన్ కర్రీ దగ్గరికి

తమ్ముడి లాప్‌టాప్‌లో మూడు పేర్ల పొడవూ లెక్కపెట్టించాం. మొదటిది 10 అక్షరాలు: మ, ట, న, పొల్లు, స్పేస్, క, ర, పొల్లు, ర, గుడి దీర్ఘం. రెండోది 11. చివర ఒక స్పేస్ ఉంది, ఫోన్ కీబోర్డ్‌లో సూచించిన మాటని నొక్కితే దాని వెనకే స్పేస్ కూడా వచ్చి కూర్చుంటుంది కదా, అదీ సంగతి. మూడోది మళ్ళీ 10, కానీ ఐదో స్థానంలో 32 బదులు 8204 ఉంది. బాబాయ్ వాళ్ళ అబ్బాయి ఎక్కడినుంచో కాపీ చేసి వేశాడట. స్క్రీన్ మీద మొదటిదానికీ దీనికీ తేడా వెంట్రుక వాసి.

చివరి స్పేస్‌ని తీయడం ఒక్క నిమిషం పని, పైథాన్‌లో స్ట్రిప్ అని ఉంది, మొదటా చివరా ఉన్న వైట్ స్పేస్‌ని గీకేస్తుంది. కానీ 8204 వైట్ స్పేస్ కాదు కాబట్టి, చివర్లో ఉన్నా స్ట్రిప్ దాన్ని చూడదు. "అన్నా, అయితే 8204 ఎక్కడున్నా పీకేద్దాం" అన్నాడు. అలా చేస్తే బిల్లు మీద "మటన్కర్రీ" అని న కింద క ఒత్తు వేలాడుతుంది. అందుకని రెండు రూపాలు ఉంచాం: చూపించడానికి ఉన్నదున్నట్టు ఒకటి, పోల్చడానికి ఖాళీలూ 8204లూ అన్నీ తీసేసినది ఇంకొకటి. పోల్చే రూపంలో మూడూ 9 అక్షరాలే, మూడూ ఒకటే.

ఈ నెల రిపోర్ట్ తీశాం. మటన్ కర్రీ ఒక్క వరసలోకి వచ్చేసింది, తమ్ముడు ఛాతీ పొంగించి బాబాయ్‌కి చూపించాడు. ఆయన వేలితో కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగారు. అక్కడ "మటన్ కూర" అని 41 ప్లేట్ల లెక్క ఉంది.

"ఇది ఎవరు ఎక్కించారు బాబాయ్?"

"నేనేరా. రెండూ ఒకటే కదా."